అడిగే బరువు

భర్త, భార్య, భరణం, భారం. ఈ నాలుగు మాటలూ ఒకే ధాతువు కడుపున పుట్టాయని సంస్కృతం చదివినవాళ్లు చెబుతారు. భరించేవాడు భర్త. భరింపబడవలసినది భార్య. భరించడానికి ఇచ్చేది భరణం. ఇక భారం సంగతి మీకు నేను వేరే చెప్పాలా? సంసారం సజావుగా సాగినన్నాళ్లూ ఇంట్లో మొదటి రెండు మాటలే వినిపిస్తాయి. అది కాస్తా తెగిపోయిన మర్నాటి నుంచీ చివరి రెండే మిగులుతాయి. భరణం ఎవరివ్వాలో చట్టం చెబుతుంది. భారం ఎవరి మీద పడిందో మాత్రం బస్సుల్లో తెలుస్తుంది.

నాకూ ఒక బస్సులోనే తెలిసింది.

ఆమధ్య జగిత్యాల నుంచి కరీంనగర్ వస్తున్నాను. ముందు సీట్లో ఒక తల్లీ, ఎనిమిదేళ్ల కొడుకూ. ఆమెకు ముప్ఫై దాటి ఉండవు. ఒళ్లో గుడ్డసంచీ, అందులో కాయితాల కట్ట. కోర్టు కాయితాలను ఎంత దూరం నుంచైనా పోల్చుకోవచ్చు. జ్వరం వచ్చిన పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంటారు వాటిని. పిల్లవాడికేమో కిటికీ కావాలి. వాళ్ల సీట్లో కిటికీ దగ్గర మరెవరో ఉన్నారు. నా పక్కన ఖాళీగా ఉంది. వాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారి ఎవర్నీ అడక్కుండానే వచ్చి కూర్చున్నాడు. వీపున ఎర్రటి కొత్త స్కూలు సంచీ ఉంది.

"ఇవ్వాళ బడికి పోవడం లేదు కదా, సంచీ ఎందుకురా?" అన్నాను.

"మా బాపు పంపిండు" అన్నాడు.

నేనడిగిన దానికి అది జవాబు కాదు. కానీ వాడి దగ్గర అంతకంటే మంచి జవాబు లేదని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

కొండగట్టు దాటాక వాడు నిద్రపోయాడు. తల్లి వెనక్కి తిరిగి, వాడి తల కిటికీ ఊచకు కొట్టుకోకుండా సర్ది, మెల్లగా అంది: "వాని బాపు పంపలే సారూ. నేనే కొన్న. బీడీల పైసలు పెట్టి కొన్న."

"మరి వాడికి అట్లా ఎందుకు చెప్పావు బిడ్డా?"

"బాపు పంపలేదంటే, వానికి బాపు లేనట్టే గద సారూ."

ఇంతే ఆమె అన్నది. అబద్ధమాడటం తప్పని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చినవాణ్ణి. ఆ అబద్ధాన్ని తప్పనడానికి మాత్రం నాకు ఇప్పటిదాకా నోరు రాలేదు. పోనీ ఒప్పని అనగలనా అంటే, అదీ తేలలేదు.

ఆమె కథ కొత్తదేమీ కాదు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఏ ఊరికి పోయినా అలాంటిది ఒకటి వినిపిస్తుంది. మొగుడు ఆటో నడుపుతాడు. ఇంకో ఊళ్లో ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. మొదట పెద్దమనుషుల పంచాయితీ అయింది. ఇడుపు కాయితం రాసుకోమన్నారు. ఇంత అని ఒక్కసారే ఇస్తాడు, తీసుకుని ఊరుకోమన్నారు. "నన్నిడుస్తడు గని, కొడుకునెట్ల ఇడుస్తడు సారూ? కొడుక్కు సుత ఇడుపు కాయితం ఉంటదా?" అని ఆమె వేలిముద్ర వెయ్యలేదు. కోర్టుకెక్కింది. పిల్లవాడికి నెలకు 3,000 ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. మూడు నెలలిచ్చాడు. ఆ తర్వాత లేదు. ఇప్పుడు పోతున్నది బకాయి వాయిదాకు.

కొడుక్కి ఇడుపు కాయితం లేదన్న ఆ మాట ఉందే, మన చట్టంలో అసలు సారమంతా అదే. ఆమె చట్టం చదవలేదు, చట్టమే ఆమెలాంటి తల్లుల మాట వినివుండాలి.

భరణం సెక్షను సివిలు చట్టంలో కాదు, దొంగల్నీ దోపిడీగాళ్లనీ పట్టుకునే పద్ధతి రాసిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. తెల్లదొరల 1898 కోడ్‌లో అది 488వ సెక్షను. 1973 కోడ్‌లో 125 అయింది. 2024 జులై 1 నుంచి కొత్త సంహిత వచ్చి 144 అయింది. జనం మాత్రం ఇంకా నూట ఇరవై అయిదనే అంటారు. 1955లో పెట్టిన 500 రూపాయల పరిమితి 2001లో తీసేసేదాకా కదల్లేదు. ఆ నలభై ఆరేళ్లలో బియ్యం ధర ఎంత కదిలిందో మీకు తెలుసు.

ఈ సెక్షనుకు కులం లేదు, మతం లేదు. ఆదిలాబాద్ అడవి ఊళ్లలో గోండుల తగవులు రాయి సెంటర్లలో పెద్దలు కూర్చుని తీరుస్తారు. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కానీ పిల్లవాడి తిండి గురించిన ఈ సెక్షను గోండు పిల్లవాడికీ వర్తిస్తుంది. ముస్లిం స్త్రీల విషయంలో 1985 షాబానో తీర్పూ, మరుసటేడు వచ్చిన చట్టమూ ఎంత దుమారం లేపాయో పెద్దవాళ్లకు జ్ఞాపకమే. చివరకు 2024 జులైలో, మన తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులోనే, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా ఈ సెక్షను కింద అడగవచ్చునని సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే నాకు ముఖ్యంగా కనిపించింది ఇంకొకటి. భార్యకు భరణం రాకుండా అడ్డం పడే కారణాలు ఆ సెక్షనులో కొన్ని రాశారు. ఆమె పరాయివాడితో ఉంటే రాదు. సరైన కారణం లేకుండా కాపురానికి రానంటే రాదు. ఇద్దరూ ఒప్పుకుని విడిగా ఉంటే రాదు. పిల్లవాడికి అడ్డం పడే కారణం మాత్రం ఒక్కటీ రాయలేదు. తల్లి మంచిదా చెడ్డదా, పెళ్లి జరిగిందా లేదా అన్న ప్రశ్నే లేదు. తనను తాను పోషించుకోలేని పిల్లవాడు, పోషించగల తండ్రి, అంతే లెక్క.

చట్టం ఇంత తేటగా విడదీసినదాన్ని మనం కలిపేస్తాం. రచ్చబండ దగ్గర వినపడే మాటేమిటి? "మొగని కొంప ఒద్దు గని మొగని పైసలు గావాల్నా?" ఈ మాట విని తల దించుకోని ఆడది అరుదు. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ పైసలు ఆమెవి కావు. ఆమె చేతి మీదుగా పోయే పిల్లవాడి పైసలవి. పోస్టుమాను మనియార్డరు తెస్తే, "ఈ డబ్బు నీకెందుకోయ్?" అని మనం పోస్టుమానును నిలదీస్తామా?

ఇక్కడ నాకు శకుంతల గుర్తుకొస్తుంది. ఉంగరం, శాపం, మరపు ఇవన్నీ కాళిదాసు నాటకంలోవి. మహాభారతంలో ఉంగరమూ లేదు, మరపూ లేదు. దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే, నిండు సభలో, నువ్వెవరో నాకు తెలియదన్నాడు. చివరికి ఆకాశవాణి కలగజేసుకుని, వీడు నీ కొడుకే, వీణ్ణి భరించు అని చెప్పవలసి వచ్చింది. అప్పుడు గాని రాజుగారు, నాకు ముందే తెలుసు, లోకం ఏమనుకుంటుందోనని ఒప్పుకోలేదు, అనలేదు. భరించమని చెప్పడం వల్లనే ఆ పిల్లవాడికి భరతుడనే పేరు వచ్చిందని భారతమే అంటుంది. ఆ భరతుడి పేరు మీదనే ఇది భారతదేశమైందని చెప్పుకునే కథ ఒకటుంది. ఆ లెక్కన మన దేశానికి పేరు ఒక భరణం కేసులోంచి వచ్చిందన్నమాట!

శకుంతల అదృష్టం ఏమిటంటే, తీర్పు చెప్పిన ఆకాశమే అమలు కూడా చేయించింది. ఆమె బకాయి పిటిషను వేయవలసిన అవసరం రాలేదు.

బస్సులో ఉన్న తల్లికి ఆ అదృష్టం లేదు. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. డబ్బు రాకపోతే ఆమే మళ్లీ పిటిషను వెయ్యాలి. బాకీ పడిన ఏడాదిలోగా అడగకపోతే, ఆ బాకీకి వారంటు తెప్పించే దారి మూసుకుపోతుంది. అంటే, అలసిపోయి ఊరుకున్న తల్లికి హక్కు కూడా అలసిపోతుంది. వారంటు వచ్చాక, అతను ఇంట్లో దొరకాలి. దొరికాక కూడా ఇవ్వకపోతే, బాకీపడ్డ ఒక్కో నెలకు నెల దాకా జైలు వేయవచ్చు. జైలుకు పోయినంత మాత్రాన బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. న్యాయమే. కానీ ఆమె నన్నడిగిన ప్రశ్న వినండి:

"ఆయనను జైల్ల ఏస్తే నాకేమొస్తది సారూ? జైల్ల ఉన్నోడు ఆటో ఎట్ల నడుపుతడు? పైసలెట్ల ఇస్తడు? రేపు కొడుకు పెద్దగై, మా బాపును జైల్ల ఏపిచ్చినవు గదనే అంటే నేనేమనాలె?"

ఇక్కడ మనిషికీ మనిషికీ తేడా కూడా ఉంది. మొగుడు మంచిర్యాల దగ్గరో గోదావరిఖనిలోనో సింగరేణి కార్మికుడైతే, జీతం చీటీ ఉంటుంది, జీతంలోంచే కోయించమని కోర్టును అడగవచ్చు. ఆటోవాడికి జీతం చీటీ ఏది? సిరిసిల్లలో సాంచా నడిపేవాడికి ఈ నెల పని ఉంటే వచ్చే నెల లేదు. జగిత్యాల నుంచీ నిర్మల్ నుంచీ దుబాయి, సౌదీ పోయినవాడి సంగతి ఇంకా చిక్కు. సముద్రం దాటి డబ్బు ఒక్క పూటలో వస్తుంది. సముద్రం దాటి సమను పోవాలంటే ఏళ్లు పడుతుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ తమ ఆస్తీ, ఆదాయమూ ప్రమాణపత్రం మీద రాసివ్వాలనీ, అర్జీ పెట్టిన తేదీ నుంచే భరణం లెక్క కట్టాలనీ 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రమాణపత్రమే ఈ కాలపు శకుంతల ఉంగరం. కానీ ఉంగరాన్ని మింగే చేపలు ఈ కాలంలో కూడా తక్కువేమీ లేవు.

మరి సర్కారు ఏమీ చేయడం లేదా అంటే, అలా అనడం అన్యాయం. ఒంటరి మహిళలకు తెలంగాణలో 2017లో పింఛను మొదలైంది; నెలకు 1,000 ఉన్నదాన్ని 2019లో 2,016 చేశారు. తండ్రి వదిలేసిన పేదపిల్లల్లో అర్హులైనవారికి నెలకు 4,000 ఇవ్వవచ్చునని 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనల్లో ఉంది. న్యాయసేవాధికార సంస్థకు పోతే, ఆడమనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు కూడా ఉచితమైంది. ఈ మాటే ఆమెతో అంటే నవ్వింది.

"బస్సు ఫ్రీయే సారూ. రోజు ఫ్రీ గాదు గద. ఇయ్యాల ఒక్క బీడీ సుత సుట్టలే."

ఇవన్నీ మంచివే. కానీ ఒక సంగతి గమనించారా? సర్కారు తల్లికి ఇస్తున్నది, తల్లి తరఫున తండ్రిని అడగడం లేదు. ఇవ్వడం ఒక ఎత్తు, అడగడం ఒక ఎత్తు. ఆమె మీదున్న బరువు లేమి ఒక్కటే అయితే పింఛను కొంత దించుతుంది. కానీ పరాయివాడైపోయిన మనిషి ముందు నెలనెలా చెయ్యి చాచే బరువు, నలుగురి ముందు మాటపడే బరువు ఏ పింఛనుకూ దిగదు.

కొన్ని దేశాలు ఆ అడిగే బరువును సర్కారు మీద వేసుకున్నాయి. అమెరికాలో 1975లో ఇందుకు చట్టం చేశారు. ఆస్ట్రేలియాలో 1988లో, బ్రిటన్‌లో 1993లో ప్రత్యేక ఏజెన్సీలే పెట్టారు. తండ్రి ఆదాయాన్ని బట్టి లెక్క వాళ్లే కడతారు. ఇవ్వనివాడి జీతంలోంచి వాళ్లే కోయిస్తారు. స్వీడన్‌లోనైతే, తండ్రి ఇవ్వకపోతే ఒక మేరకు సర్కారే ముందు పిల్లవాడికి ఇచ్చేస్తుంది, తర్వాత ఆ తండ్రి దగ్గర వసూలు చేసుకుంటుంది. పిల్లవాడి అన్నం ఆగదు, తల్లి ఎవరి గుమ్మం ముందూ నిలబడదు. అక్కడ అంతా స్వర్గమని నేననడం లేదు సుమా. బ్రిటన్ ఏజెన్సీ మీద తల్లులూ తండ్రులూ కూడా తిట్లు కురిపించారు, తప్పు లెక్కలూ ఆలస్యాలూ భరించలేక 2012 నుంచి దాని స్థానంలో వేరే సర్వీసు తెచ్చారు. యంత్రం ఏదైనా మొరాయిస్తుంది. కానీ మొరాయించిన యంత్రాన్ని బాగుచేయమని సర్కారును అడగడం వేరు, మొరాయించిన మొగుణ్ణి బతిమాలడం వేరు.

ఇంతా చెప్పి తండ్రుల మాట చెప్పకపోతే నేనూ రచ్చబండ పెద్దమనిషినే అవుతాను. గల్ఫు పోయి, ఏజంటు అప్పు తీరకుండానే తిరిగొచ్చిన తండ్రి ఉంటాడు. పైసలిస్తున్నా పిల్లవాడి ముఖం చూడనివ్వరని ఏడ్చే తండ్రి కూడా ఉంటాడు, నేను చూశాను. అతని బాధ బాధే. లేనివాడైతే కోర్టుకు చెప్పి మొత్తం తగ్గించమని అడగవచ్చు. పిల్లవాణ్ణి చూసే హక్కు కోసం విడిగా అడగవచ్చు. కానీ అన్నం పెట్టడం పిల్లవాణ్ణి చూడటానికి కొనే టికెట్టు కాదు. అలాగే, డబ్బు రాలేదు కాబట్టి చూపించను అనడం కూడా పిల్లవాణ్ణి తాకట్టు పెట్టినట్టే అవుతుంది. ఈ రెండు లెక్కల్నీ కలిపిన చోటల్లా నష్టపోయేది పెద్దవాళ్లిద్దరూ కాదు.

ఇంతకీ ఆ అబద్ధం సంగతికి వద్దాం.

ఆ తల్లి చేసింది తప్పేనని వాదించవచ్చు. రేపు పిల్లవాడికి నిజం తెలిస్తే తల్లి మాట మీద నమ్మకం పోతుంది. లేక, బాపు అన్నీ పంపుతూనే ఉన్నాడు, అమ్మే ఊరికే కోర్టుకు తిప్పుతోందని అనుకోవచ్చు. ఇవ్వని మనిషికి ఇచ్చిన పేరు రావడం న్యాయమూ కాదు. ఇవన్నీ నిజమే. నేనూ ఆమెతో ఇందులో సగం చెప్పాను.

ఆమె విన్నది. విని, "వాడు అడుగుడు నేర్వొద్దు సారూ" అంది. "అడుగుడు నేను నేర్సుకున్న. సాలదా?"

గంగాధర దాకా నేను మళ్లీ మాట్లాడలేదు. ఇదీ ఆమె అబద్ధానికి అర్థం. ఆమె మొగుడి పరువు కాపాడటం లేదు. తండ్రి ముందు తాను అడుక్కోవలసినవాణ్ణని ఎనిమిదేళ్లకే తెలిసిన పిల్లవాడు, ఆ వంగిన వీపుతోనే పెద్దవాడవుతాడు. ఆ బరువు వాడి వీపు మీదకు దిగకుండా, ఆమె తన వీపు మీదే మోస్తున్నది. సర్కారూ, ఊరూ, మనమూ కాస్త చెయ్యి వేసి ఉంటే ఆమెకు ఆ అబద్ధం అక్కరలేకపోయేది. కాబట్టి అబద్ధమాడిన పాపంలో మన వాటా ఎంతో లెక్క చూసుకున్నాకే ఆమెను తప్పుపట్టాలి.

కొత్తపల్లి దగ్గర పిల్లవాడు లేచాడు. కళ్లు నులుముకుని మొదట సంచీ తడిమి చూసుకున్నాడు.

"అమ్మా, బాపు వస్తడా?"

"వస్తనని వకీలుతోని చెప్పిండట."

వాడు సంచీ పట్టీలు సరిచేసుకుని, నా వైపు చూసి అన్నాడు: "బాపుకు సూపిస్త. మంచిగుందని చెప్త."

బడి లేని రోజున ఆ సంచీ ఎందుకు తగిలించుకున్నాడో అప్పుడర్థమైంది నాకు. తల్లి మాత్రం కిటికీ బయటకు చూస్తూ కూర్చుంది. కరీంనగర్ బస్టాండులో దిగి, "పోయొస్త సారూ" అని, వాడి చెయ్యి పట్టుకుని జనంలో కలిసిపోయింది. ఎర్రసంచీ కాసేపు కనిపించింది.

ఆ తర్వాత కోర్టు వరండాలో ఏమైందో నాకు తెలియదు. అతను వచ్చాడో లేదో. వచ్చి ఉంటే, వాడు సంచీ చూపించినప్పుడు ఏమన్నాడో. "నేనెప్పుడు పంపిన్రా?" అన్నాడేమో. దుష్యంతుడు కూడా మొదట అలాగే అన్నాడు. అలా కాక, ఒక్క క్షణం తడబడి, తల్లి ముఖం చూసి, "ఔ బిడ్డా, నేనే పంపిన" అని ఉంటే? అదీ అబద్ధమే. కానీ ఆ మాట నోటివెంట వచ్చిన తండ్రి, సంచీ ఖరీదు ఆమె చేతిలో పెట్టకుండా ఇంటికి పోలేడని నాకెందుకో నమ్మకం.